అద్దంలాంటి నీరు, మరచిపోయిన చక్రాలు

మొన్న ఆదివారం ఉదయం విశాఖ దగ్గరి మేఘాద్రిగెడ్డ జలాశయం గట్టు మీద నిలబడితే, అవతలి కొండ నీటిలో తలకిందులుగా, ఒక్క ముడత లేకుండా కనిపించింది. "నీ విమానం దింపడానికి ఇంతకంటే ఏం కావాలి బావా?" అన్నాడు మా బావమరిది. ఫ్లోరిడా సరస్సుల మీద నేల మీదా నీటి మీదా దిగగల చిన్న ఉభయచర విమానం నడపడం నేర్చుకోక ముందు నేనూ అలాగే అనుకునేవాణ్ణి.

గాలికి సన్నటి అలలు లేచిన నీటి మీద దిగడమే తేలిక. అద్దంలాంటి నీరు ఎంత కింద ఉందో కంటికి అందదు. ఇంకా ఎత్తులోనే ఉన్నామనుకుని నీటిని గుద్దేయవచ్చు, లేదా నీరు వచ్చేసిందనుకుని పైనే వేగం పోగొట్టుకుని కూలిపోవచ్చు. అందువల్ల ఒడ్డుకు దగ్గరగా, దాని వెంబడే వస్తూ, చెట్లనో రాళ్లనో ఎత్తుకు కొలతగా పెట్టుకుని, ముక్కు కొద్దిగా పైకెత్తి, ఇంజన్ శక్తిని ఒకే స్థాయిలో ఉంచి, నిమిషానికి సుమారు 150 అడుగుల చొప్పున దిగుతూ, అడుగుభాగం నీటికి తగిలేదాకా ఓపిక పట్టాలి. ఈ పద్ధతికి చాలా పొడవైన నీటి మేర కావాలి.

ఇంతకంటే నన్ను భయపెట్టినవి చక్రాలు. రన్‌వే మీద చక్రాలు దించకపోతే విమానం పొట్ట గీసుకుపోతుంది, అంతే. నీటి మీద చక్రాలు దించి ఉంటే మాత్రం అది క్షణంలో పల్టీ కొడుతుంది. నాలుగో రోజున రన్‌వే నుంచి లేచి సరస్సు వైపు తిరిగిన నేను చక్రాలను పైకి తీయడం పూర్తిగా మరిచిపోయాను. మా శిక్షకుడు అరవలేదు, మీట ముట్టుకోలేదు, "ఎక్కడ దిగుతున్నాం, చక్రాలు ఎక్కడున్నాయి?" అని మాత్రం అడిగారు. అప్పటి నుంచి ప్రతిసారీ "ఇది నీరు, చక్రాలు పైన ఉన్నాయి" అని నోటితో పైకే చెబుతాను. ఒంటరిగా ఉన్నా చెబుతాను. వినేవాళ్లు లేరు కనుక సిగ్గూ లేదు.

నీటి మీద బ్రేకులుండవు; ఇంజన్ స్టార్టయిన క్షణం నుంచీ విమానం కదులుతూనే ఉంటుంది, వదిలేస్తే ముక్కు గాలికి ఎదురు తిరుగుతుంది. లేచేటప్పుడు స్టిక్‌ను, అంటే ముక్కును పైకీ కిందికీ తిప్పే కర్రను, పూర్తిగా వెనక్కి లాగితే ముక్కు ఆకాశానికి లేస్తుంది. ముక్కు పూర్తిగా పైకి లేచాక స్టిక్‌ను కాస్త సడలిస్తే విమానం తన పొట్ట అడుగున మెట్టులా ఉన్న అంచు మీద నిలిచి, చిన్నప్పుడు మనం చెరువులో విసిరిన పెంకులా నీటి మీద జారుతుంది. నేర్చుకోవడంలో ఆనందమంతా నాకు ఆ కొన్ని క్షణాల్లోనే ఉంది. ముక్కు పైకీ కిందికీ ఊగడం మొదలై, రెండో ఊపుకు కూడా తగ్గకపోతే, స్టిక్ వెనక్కి పట్టుకుని ఇంజన్ శక్తినిచ్చే థ్రాటిల్ మూసేయాలి, మూడోది చూద్దామనుకోకూడదు.

విమానం నీటిలో పల్టీ కొడితే, లైఫ్ జాకెట్‌ను బయటపడ్డాకే ఊదించాలి, లోపలే ఊదితే అది మనిషిని పైకి నొక్కేసి తలుపు దాకా పోనివ్వదు. ఇక ఉప్పునీటిలో దిగితే అదే రోజు మంచినీటితో కడగాలి. బీచ్ రోడ్డులో తుప్పు పట్టిన కిటికీ ఊచలు చూసిన విశాఖవాసులకు కారణం చెప్పనక్కరలేదు.

2024 నవంబరు 9న విజయవాడ ప్రకాశం బ్యారేజీ నుంచి శ్రీశైలానికి సీప్లేన్ ప్రయోగాత్మకంగా ఎగిరినప్పటి నుంచి మా బావమరిది ప్రశ్నలు ఎక్కువయ్యాయి. మేఘాద్రిగెడ్డ ఊరికి తాగునీరిచ్చే జలాశయం, పక్కనే నౌకాదళ విమాన స్థావరం. అక్కడ దిగడం ఊహలో మాట. ఆ ఊహలోనైనా, అంత నిశ్చలమైన ఉదయాన నడిమధ్యకు పోనని, గట్టు రాళ్లు పక్కన కనబడేలా దిగుతానని చెప్పాను. "చక్రాలో?" అన్నాడు వాడు.