ఇసుక మేట, ఖాళీ ప్లాటు: నా క్వాడ్రాట్ లెక్కలు

2024 సెప్టెంబరు వానలకు విజయవాడలో కృష్ణా, బుడమేరు రెండూ పొంగాయి కదా. ప్రకాశం బ్యారేజీ దిగువన వరద వేసిన ఇసుక మేట మీద ఒక చదరం (మొక్కలు లెక్కపెట్టే చట్రం, అదే క్వాడ్రాట్), సింగ్‌నగర్‌లో బుడమేరు నీళ్లు నిలిచిన ఖాళీ ప్లాటులో ఇంకో చదరం పెట్టుకుని, ఏ మొక్క తర్వాత ఏది వస్తోందో రాసుకుంటున్నాను. ఈ వరుస మార్పునే అనుక్రమం అంటారు.

చదరానికి అర అంగుళం పీవీసీ పైపు, నాలుగు ఎల్బోలు చాలు. గమ్ము పెట్టకపోతే విప్పి బ్యాగులో వేసుకోవచ్చు. మీటరు చదరంలో 20 సెంటీమీటర్లకొక పురికొస కడితే 25 గళ్లు. సగానికి పైగా మొక్క కప్పిన గడికి 4 శాతం చొప్పున లెక్క. ప్లాటులో మూలలకు ఇటుకలు నేలమట్టంగా పాతాను (ఇనుప చువ్వలైతే మర్నాటికి ఉండవు). మేట మీద ఏదీ నిలవదు, ఫోన్‌లో లొకేషన్ పిన్ ఒక్కటే దిక్కు. గేట్లు ఎత్తుతున్నారేమో కనుక్కోకుండా ఏట్లోకి దిగకండి.

అసలు తేడా ట్రేలలో బయటపడింది. రెండు చోట్లా పై 5 సెంటీమీటర్ల మట్టి తెచ్చి, నీడలో పెట్టి, రోజూ తడిపాను. ప్లాటు మట్టిలో గలిజేరు, తుత్తురబెండ, నేల ఉసిరి, వయ్యారిభామ గుంపుగా లేచాయి. వరద పైనున్నవాటినే చంపింది, విత్తనాల నిల్వ అలాగే ఉంది. ఇది ద్వితీయ అనుక్రమం. ఇసుక ట్రేలో నాలుగు తుంగ పరకలు, అంతే. మట్టే లేని చోట మొదలయ్యేది ప్రాథమిక అనుక్రమం. అయితే మేట పూర్తిగా ఆ కోవలోకి రాదు: పైనుంచి కొట్టుకొచ్చిన రెల్లు దుంపలు ఇసుకలో చిక్కుకుని చిగురిస్తున్నాయి. పుస్తకంలో గీత గీసినంత తేలిగ్గా ఏట్లో గీయలేం.

కారణాలూ రెండు రకాలు. వరద బయటి కారణం. రెల్లు వేళ్లు ఇసుకను పట్టి ఉంచడం, ఎండుటాకు కుళ్లి నేలకు తేమ నిలిపే గుణం రావడం మొక్కలే తెచ్చే మార్పు. మేట మీద రెండోది మొదలయ్యేలోపే మొదటిది వచ్చి తుడిచేస్తుంది.

ప్లాటులో వేరే కథ. గేదెలు సర్కారు తుమ్మ కాయలు తిని, పేడతో గింజలు వేసిపోయాయి. ఇప్పుడు ఆ నీడ కింద గడ్డి పలచబడుతోంది. ముందొచ్చిన మొక్కలు తర్వాతివాటికి దారి వేయడమే కాదు, అడ్డుపడటమూ ఉంటుందని పర్యావరణ శాస్త్రవేత్తలు కానెల్, స్లాటియర్ 1977లోనే చెప్పారు. మొక్కల సముదాయం ఒక జీవిలా పెరిగి చరమదశకు (ఇక పెద్దగా మారని స్థితికి) చేరుతుందన్న వృక్షశాస్త్రవేత్త క్లెమెంట్స్ 1916 నాటి మాట ఈ ప్లాటుకు నప్పదు. ఏ మొక్క దారి దానిదే, అవకాశం దొరికిన చోట అది మొలుస్తుందన్న మరో వృక్షశాస్త్రవేత్త గ్లీసన్ (1926) వైపే నేను. పక్క ప్లాటుకు ఫెన్సింగ్ ఉంది, గేదెలు పోవు, తుమ్మ లేదు, జిల్లేడు ఉంది.

ఈసారి ఆ ఓనరును అడిగి లోపల కూడా ఒక చదరం వేయాలి.