కాలువ వెంట పదో తరగతి

సంక్రాంతి సెలవులు అయిపోయి బడి తెరిచేసరికి పదో తరగతి పిల్లల నోట రెండే మాటలు: మార్చిలో పబ్లిక్ పరీక్షలు, ఈలోపు విహారయాత్ర. కోనసీమలో రాజోలు వైపు ఒక జిల్లా పరిషత్ హైస్కూల్లో నేను సోషల్ చెబుతాను. ఏటా ఈ రోజుల్లో మా స్టాఫ్‌రూమ్‌లో ఒకరు అరకు అంటారు, ఒకరు హైదరాబాద్ అంటారు. తలా రెండు మూడు వేలు అవుతుంది. కట్టగలిగిన వాళ్లు వెళ్తారు. కట్టలేని వాళ్లు ఆ రెండ్రోజులూ బడికి రారు, ఆ తర్వాత మిగతావాళ్ల ఫోన్లలో ఫొటోలు చూస్తూ కూర్చుంటారు. ఆరో తరగతి నుంచి కలిసి చదువుకున్న పిల్లల్ని చివరి నెలల్లో ఇలా రెండుగా విడగొట్టడం నాకు ఎన్నడూ మింగుడు పడలేదు.

అందుకే ఈసారి నేనొక మాట పెట్టాను. ఒక్క పగటి ప్రయాణం. క్లాసులో ఒక్కరు కూడా మిగలకుండా అందరూ రావాలి. వెళ్లేది మన కాలువ వెంట. మా చేలకూ చెరువులకూ వచ్చే నీళ్లు గోదావరి నుంచి ఎక్కడ విడిపోతాయో ముందు అక్కడికి వెళ్లి, నీళ్లతో పాటే కిందికి దిగుతూ వచ్చి, సాయంత్రానికి అంతర్వేదిలో సముద్రం దగ్గర ఆగడం. హెడ్మాస్టారు వెంటనే సరే అన్నారు. పిల్లలు మాత్రం మొదట మొహాలు మాడ్చుకున్నారు. ఒక అబ్బాయి తాతగారు బడికే వచ్చి, "కాలవ చూడ్డానికి బస్సెందుకండి మాస్టారూ, మా ఇంటెనకాలే ఉంది కదండీ" అన్నారు. ఇంటి వెనక ఉన్నది తోక అనీ, తల చూపించడానికి తీసుకెళ్తున్నాననీ చెప్పాను. ఆయన కాసేపు ఆలోచించి, మనవడి అంగీకార పత్రం మీద సంతకం పెట్టి వెళ్లారు.

ఆ పత్రాలు సేకరించడమే పెద్ద పని. మా దగ్గర చాలామంది పిల్లల తల్లులు కువైట్‌లోనో మస్కట్‌లోనో ఉంటారు. అమ్మమ్మలు వేలిముద్ర వేశారు, తల్లులు అక్కణ్ణుంచి వాట్సాప్‌లో మాట పంపారు. అనుమతి, ఆర్టీసీ బస్సు, ఆడపిల్లలకు తోడుగా మా టీచరమ్మలు, మందుల పెట్టె, ప్రతి బిడ్డ జేబులో ఫోన్ నంబర్ల చీటీ. డబ్బు తక్కువ పడినంత మేరకు పాత విద్యార్థులు సర్దారు. ఎవరు కట్టారో ఎవరు కట్టలేదో పిల్లలకు తెలియనివ్వలేదు.

చీకటి ఉండగానే బయలుదేరాం. శనివారం. వైనతేయ నది దాటి, కొత్తపేట మీదుగా రావులపాలెం చేరేసరికి తెల్లవారింది. అరటి గెలల లారీలు అప్పటికే బారులు తీరి ఉన్నాయి. అక్కణ్ణుంచి ఆత్రేయపురం వైపు తిరిగితే వాడపల్లి వెంకన్న భక్తులతో రోడ్డు కిక్కిరిసి ఉంది. ఏడు శనివారాలు మొక్కుకున్నవాళ్లు ఎక్కడెక్కణ్ణుంచో వస్తున్నారు. బస్సు మెల్లగా నడిచింది, అదీ మంచిదే అయింది. కుడి పక్కన నిండుగా పారుతున్న కాలువ, ఎడమ పక్కన రెండో పంటగా వేసే దాళ్వా వరి చేలు, పిల్లలు కిటికీల్లోంచి తలలు తీయలేదు.

బొబ్బర్లంకలో దిగాం. మధ్య డెల్టా ప్రధాన కాలువకు నీళ్లు వదిలే తలుపులు ఇక్కడే ఉన్నాయి. ఒకవైపు సముద్రంలా పరుచుకున్న గోదావరి, ఇంకోవైపు గట్ల మధ్య ఒద్దికగా కాలువ, నడుమ ఆ తలుపులు. "మన నీళ్లు ఇవేనా సార్?" అని ఒక అమ్మాయి అడిగింది. ఇవే. కోనసీమలో వరి పండినా, కొబ్బరి కాసినా, చెరువు నిండినా మొదలు ఇక్కడే.

అక్కణ్ణుంచి బ్యారేజీ మీదుగా ధవళేశ్వరం వెళ్లాం. నది మధ్య లంకలు ఉండటం వల్ల బ్యారేజీ నాలుగు ముక్కలుగా ఉంటుంది. ధవళేశ్వరం వైపు 70 గేట్లు, ర్యాలి వైపు 43, మద్దూరు వైపు 23, విజ్జేశ్వరం వైపు 39. పిల్లలు బస్సులోనే కూడి 175 అని అరిచారు. దీని దిగువనే గోదావరి గౌతమి, వశిష్ఠ అని రెండు పాయలవుతుంది. ఆ రెంటి మధ్య నేలే మన కోనసీమ. మ్యాపులో రంగు పెన్సిల్‌తో దిద్దిన పిల్లలు ఇప్పుడు ఆ రెండు పాయలు విడిపోయే చోట నిలబడి ఒకసారి ఎడమకు, ఒకసారి కుడికి చూశారు. తరగతి గదిలో ఎన్ని పీరియడ్లు తీసుకున్నా నేను చేయలేని పని అది.

కాటన్ మ్యూజియంలో చాలాసేపు ఉన్నాం. మా వైపు ఏ ఊళ్లో చూసినా గోదావరికి ఆనకట్ట కట్టించిన ఇంజనీరు కాటన్ దొర విగ్రహం ఉంటుంది, జయంతికి దండ వేస్తారు, పిల్లలకు అంతవరకే తెలుసు. ఆనకట్టకు ముందు ఈ నేల ఎలా ఉండేదో వాళ్లకు తెలియదు. గోదావరి డెల్టా అంటే పచ్చదనం అనుకునే మనకు, ఇక్కడ మనుషులు ఆకలితో చచ్చిపోయారంటే నమ్మబుద్ధి కాదు. 1832-33 నాటి నందన కరువు, 1839లో కోరంగిని ఊడ్చేసిన తుపాను, మధ్యలో వరుసగా పంట పోయిన ఏళ్లు. 1821లో రాజమండ్రి జిల్లా జనాభా సుమారు 7 లక్షల 38 వేలు. 1841 నాటికి 5 లక్షల 61 వేలకు పడిపోయింది. ఈ అంకెలు చెప్పినప్పుడు హాల్లో మాటలు ఆగిపోయాయి. "నది పక్కనే ఉంది కదా సార్, నీళ్లు తోడుకోలేదా?" అని వెనక నుంచి ఒక అబ్బాయి అడిగాడు. మంచి ప్రశ్న. వానాకాలంలో నది ఊళ్ల మీద పడేది, ఎండాకాలంలో చేలకు అందనంత కిందికి పోయేది. నీళ్లు లేక కాదు, వాటిని ఆపి ఎత్తున నిలబెట్టే కట్ట లేక కరువు. ఆనకట్ట 1847లో మొదలై 1852లో పూర్తయింది. దగ్గరి కొండ నుంచి రాయి తేవడానికి 1840ల్లోనే ఇక్కడ పట్టాలు వేశారు, మన దేశంలో ప్రయాణికుల రైలు మొదలైంది 1853లో అని చెబితే రైళ్లంటే ఇష్టమున్న ఒకడు నోట్‌బుక్ తీశాడు.

కాటన్‌తో పాటు వీణం వీరన్న పేరు కూడా పిల్లల చేత రాయించాను. దొర పక్కన నిలబడి కూలీలను కూడగట్టి పని నడిపించిన తెలుగు మనిషి. విగ్రహాల్లో ఆయన్ను అరుదుగా చూస్తాం. ఎండలో రాయి మోసిన వేల మంది పేర్లు ఎక్కడా లేవు. కూలి పనికి వెళ్లే ఇళ్ల పిల్లలు నా క్లాసులో సగానికి పైగా ఉన్నారు, ఈ మాట వాళ్లకు చెప్పాలనే చెప్పాను.

పాత ఆనకట్ట స్థానంలో ఇప్పుడున్న బ్యారేజీ 1982లో పూర్తయింది. 1986 ఆగస్టు వరదలో 35 లక్షల క్యూసెక్కులకు పైగా నీళ్లు దీన్ని దాటి వెళ్లాయి. బ్యారేజీ దగ్గర నీటిమట్టం 11.75 అడుగులకు చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక, 13.75కు రెండోది, 17.75కు మూడోది. ప్రతి వానాకాలం టీవీలో ఈ మాటలు వినని ఇల్లు మా దగ్గర ఉండదు. 2022 జులైలో మూడో హెచ్చరిక వచ్చినప్పుడు ఇల్లు వదిలి ఇదే బడిలో తలదాచుకున్న లంక గ్రామాల పిల్లలు ఈ బస్సులోనే ఉన్నారు. ఒక అమ్మాయి బ్యారేజీ గోడ మీద చెయ్యి పెట్టి, "అప్పుడు నీళ్లు ఎక్కడిదాకా వచ్చాయి సార్?" అంది. ఆ అంకెలు ఆమెకు పరీక్షలో మార్కుల కోసం కాదు. ఫిబ్రవరిలో నది పలచబడి ఉంటుంది. దాళ్వా గట్టెక్కాలంటే పైన సీలేరు జలాశయాల నుంచి వదిలే నీళ్ల కోసం ఎదురుచూడాలి. ఒకే చోట వరదా కొరతా రెండూ ఎలా ఉంటాయో అక్కడే చెప్పాను.

తిరుగుదారిలో లొల్ల లాకుల దగ్గర ఆగాం. సినిమాల్లో చూసిన చోటు కాబట్టి ముందు ఫొటోల గోల. అది చల్లారాక అసలు సంగతి. పెద్ద కాలువ ఇక్కడే చీలుతుంది, ఒకటి అమలాపురం వైపు, ఒకటి పి.గన్నవరం వైపు. మనది గన్నవరం కాలువ. పడవ ఒక మట్టం నుంచి ఇంకో మట్టానికి ఎలా దిగుతుందని అడిగారు. రెండు తలుపుల మధ్య గదిలోకి పడవను తెచ్చి, వెనక తలుపు మూసి, కింది మట్టానికి సమానమయ్యేదాకా నీళ్లు వదిలి, ముందు తలుపు తీస్తారు. ఇది చెబుతుండగా ఎప్పుడూ నోరు విప్పని ఒక కుర్రాడు, "మా ముత్తాత ఈ దారినే పడవ మీద కొబ్బరికాయలు తోలేవాడండి" అన్నాడు. రోడ్లు లేని రోజుల్లో బియ్యం, కొబ్బరి, పెళ్లివారు అందరూ ఈ కాలువల మీదే తిరిగారు. ఆ పిల్లవాణ్ణి ముందుకు పిలిచి, ఇంట్లో విన్నదంతా వాడి నోటితోనే చెప్పించాను.

ఆత్రేయపురంలో పూతరేకులు కొనుక్కున్నారు. బోర్లించిన కుండ మీద తడిగుడ్డతో పిండి ఒక్కసారి లాగితే కాగితం కన్నా పల్చని రేకు వచ్చేస్తుంది. 2023లో దీనికి భౌగోళిక గుర్తింపు వచ్చింది. ఆ పని చేసే ఆడవాళ్లు పొయ్యి ముందు ఎంతసేపు కూర్చుంటారో పిల్లలు కళ్లారా చూశారు.

రోజు మొత్తంలో నాకు అన్నిటికన్నా ఇష్టమైన చోటు గన్నవరం అక్విడక్టు. పొద్దున్న నిద్రలో దాటిన చోటే. కింద వైనతేయ నది, దాని మీద వంతెన, ఆ వంతెన మీద మన కాలువ. నది మీద నుంచి కాలువ నడిచి వెళ్తుంది. 1850ల్లో 49 కమానులతో కట్టిన పాత వంతెన ఇంకా పక్కనే నిలబడి ఉంది. 2000లో కొత్తది వచ్చాక నీళ్లు దాని మీదుగా పారుతున్నాయి. ఇది లేకపోతే వైనతేయకు అవతల మన వైపున్న నగరం అనే ఊరికీ, మామిడికుదురు, రాజోలు ఊళ్లకూ డెల్టా నీళ్లే లేవు. కింద నదిలో సముద్రపు పోటుతో ఉప్పు ఎక్కుతుంటే పైన తియ్యటి నీళ్లు దాటిపోతాయి. పిల్లలు పిట్టగోడ దగ్గర నిలబడి ఒకసారి పైనీళ్లు, ఒకసారి కిందినీళ్లు చూశారు. మా లెక్కల మాస్టారు వాలు ఎంత ఉండాలి, బరువు ఎంత పడుతుంది అని అక్కడే లెక్క మొదలుపెట్టారు, ఒక్కరూ విసుక్కోలేదు.

కొత్త వంతెనకు పెట్టిన పేరు డొక్కా సీతమ్మది. లంకల గన్నవరంలో 1909 దాకా బతికిన ఆ తల్లి, ఏ వేళ వచ్చి తలుపు తట్టినా కులం అడగకుండా అన్నం పెట్టింది. బడుల్లో మధ్యాహ్న భోజనానికి 2024లో ఆమె పేరు పెట్టారు. రోజూ పేరు వింటూ తినే పిల్లలు ఆమె ఊళ్లోనే భోజనానికి కూర్చున్నారు. మా బడిలో వంట చేసే అక్కలు తెల్లవారుజామునే లేచి కట్టిచ్చిన పులిహోర, పెరుగన్నం, ఉడకబెట్టిన గుడ్లు. సీతమ్మగారు ఒకసారి అంతర్వేది బయలుదేరి, దారిలో ఆకలితో ఉన్నవాళ్లు తన ఇంటికే వస్తున్నారని విని, యాత్ర మానుకుని వెనక్కి తిరిగి వచ్చి వండిపెట్టిందని చెబుతారు. మేం తిన్నాక వెళ్లబోయేది అంతర్వేదికే కాబట్టి ఆ కథ పిల్లలకు బాగా పట్టింది. వడ్డన అబ్బాయిలే చేశారు, మా టీచరమ్మల్ని లేవనివ్వలేదు.

మలికిపురం, సఖినేటిపల్లి దాటి అంతర్వేది చేరేసరికి ఎండ తగ్గింది. లక్ష్మీనరసింహస్వామి దర్శనం త్వరగానే అయింది. ఈ గుడిని 1823లో కట్టించింది ఓడల యజమాని కొపనాతి కృష్ణమ్మ అని చెప్పగానే చేపల వేటకు వెళ్లే ఇళ్ల పిల్లలు ఒకరినొకరు చూసుకుని నవ్వుకున్నారు, ఆయన తమవాడు కదా! అన్నాచెల్లెళ్ల గట్టు దగ్గర వశిష్ఠ సముద్రంలో కలిసే చోటుకు వెళ్లాం. నీళ్లలో మోకాళ్ల దాకానే అనుమతి, టీచర్లం అడ్డంగా తాడులా నిలబడ్డాం. ఇంతా చేసి మా తరగతిలో సముద్రం ఎప్పుడూ చూడని పిల్లలు ఉన్నారు. సముద్రానికి ఇంత దగ్గర పుట్టి కూడా! తీసుకెళ్లే తీరిక ఇంట్లో ఎవరికీ దొరకలేదు, అంతే. వాళ్లను బయటికి రప్పించడానికి మా పీఈటీ సార్ విజిల్ ఊది ఊది అలసిపోయారు. చీకటి పడుతుండగా ఇళ్లు చేరాం.

ఆ తర్వాత రోజులు పరుగున పోయాయి. ఫిబ్రవరి 28న సైన్స్ దినోత్సవానికి పదో తరగతి వాళ్లు థర్మాకోల్, పీవీసీ గొట్టాలతో అక్విడక్టు నమూనా చేశారు. కింద రంగునీళ్లు, పైన మామూలు నీళ్లు, రెండూ కలవకుండా పారాయి. ప్రధాన కాలువ నుంచి మా ఊరి చేలకు నీళ్లు తెచ్చే చిన్న బోదె దాకా గోడకు అతికించిన మ్యాపు కూడా వాళ్లే గీశారు. తొమ్మిదో తరగతి వాళ్లు వీడ్కోలు సభ పెట్టారు. ఇప్పుడు ఒంటిపూట బడులు మొదలయ్యాయి, హాల్‌టికెట్లు వచ్చేశాయి, గ్రూప్ ఫొటో కాపీల కోసం రోజుకొకరు ఆఫీసు గుమ్మంలో నిలబడుతున్నారు.

తొమ్మిదో తరగతి ఆడపిల్లలు అప్పుడే వచ్చే ఏడాది సంగతి అడుగుతున్నారు. నది ఇటువైపు చివర చూశాం కాబట్టి అటువైపు చివర చూద్దాం అంటున్నారు. ఎదుర్లంక వంతెన మీద గౌతమి దాటి, యానాం మీదుగా కోరంగి మడ అడవి. తుపాను గాలిని, కెరటాన్ని ఆ చెట్లు ఎలా అడ్డుకుంటాయో 1996 నవంబరు తుపాను చూసిన ఈ సీమ పిల్లలకు తెలిసి తీరాలి. అక్కడ బోటు తిరగడం పోటు, పాటు బట్టి ఉంటుంది కాబట్టి ముందు ఆ వేళలు కనుక్కుని తేదీ పెట్టాలి. కట్టలేని వాళ్ల డబ్బుకు ఈ జూన్ నుంచే కొంచెం కొంచెం పక్కన పెడదామని పాత విద్యార్థులతో మాట్లాడాను, ఒప్పుకున్నారు.