మావాడి స్కిడూ సరదా, ఆటోపాక్ ఆఫీసులో అడిగిన ప్రశ్నలు

కెనడాలోని మా విన్నిపెగ్‌లో చలికాలం దాదాపు ఐదు నెలలు. మన తెలుగు కుటుంబాల్లో చాలామందిమి ఆ ఐదు నెలలూ నాలుగ్గోడల మధ్యే కానిచ్చేస్తాం. మ్యాథ్స్ ట్యూషన్, ఆన్‌లైన్‌లో సంగీతం క్లాసు, శనివారం ఎవరింట్లోనో పుట్టినరోజు, బేస్‌మెంట్‌లో క్యారమ్స్. సోమవారం బడికెళ్లిన పిల్లలు వినే కబుర్లు వేరే ఉంటాయి. ఒకడు తాతగారి పొలం చుట్టూ స్కిడూ నడిపొచ్చాడు, ఇంకొకడు గిమ్లీ దగ్గర లేక్ విన్నిపెగ్ మీద ఐస్‌కి కన్నం పెట్టి పికరెల్ చేప పట్టాడు. స్కిడూ అంటే మంచు మీద నడిచే మోటారు బండి. కాగితాల మీద స్నోమొబైల్ అని రాస్తారు గానీ ఇక్కడి పాతకాపులు ఏ కంపెనీ బండినైనా స్కిడూ అనే అంటారు. కుర్రాళ్లు స్లెడ్ అంటారు.

మావాడికి పదమూడేళ్లు. వాడి క్లాస్‌మేట్ వాళ్ల పొలం బోసెజూర్ వైపు. ఆ ఊరు స్నోమొబైల్ పందేలకు పేరుమోసింది. ఒకప్పుడు ఈ బండిని పవర్ టొబాగన్ అనేవారు, అక్కడి పందేలకు ఆ పాత పేరే ఉండిపోయింది. వాళ్ల ముత్తాతలు ఉక్రెయిన్ నుంచి వచ్చారు. ఆ ఇంటి పిల్లలకి స్కిడూ నడపడమంటే మన పల్లెల్లో పిల్లలు చెరువులో ఈత నేర్చుకున్నట్టే, ఎప్పుడు మొదలైందో కూడా గుర్తుండదు. అలాంటి ఇంటి నుంచి మావాడికి పిలుపు వచ్చింది.

మా ఆయన వెంటనే "వద్దు" అన్నారు. ఎందుకు అని వాడు అడిగితే "చెప్పాగా, వద్దని" అన్నారు. ఈయన తెనాలిలో కాలేజీ రోజుల్లో టీవీఎస్ 50 మీద ముగ్గురేసి, హెల్మెట్ మాటే లేకుండా, లారీల మధ్యలోంచి తిరిగిన మనిషి. ఇప్పటికీ జనవరిలో పెరిమీటర్ హైవే మీద, రోడ్డంతా నల్లగా గాజులా మెరుస్తున్న ఐస్ మీద, ఒక చేత్తో కాఫీ పట్టుకుని కారు నడుపుతారు. అలవాటైన ప్రమాదం మనకి ప్రమాదంలా కనిపించదు. కొత్తదైతే, దానికి ఎన్ని జాగ్రత్తలున్నా, గుండె దడదడే.

ఇక మా అమ్మ. వీడియో కాల్‌లో సంగతి వినగానే, "మంచు మీద మోటారు సైకిలా? మీకు మతి గాని పోయిందా?" అంది. ఇన్సూరెన్స్ సంగతి కనుక్కుని అప్పుడు చూస్తామని నేనంటే ఇంకా కోపం వచ్చింది. పిల్లాడి విషయంలో అలాంటి మాటలు నోటి వెంట రానివ్వకూడదట. తథాస్తు దేవతలు ఉంటారట.

అమ్మ తప్పేమీ లేదు. మా ఇళ్లల్లో ఇన్సూరెన్స్ అంటే ఎల్ఐసీ. ఎల్ఐసీ అంటే పొదుపు. ఏజెంటు మావయ్య ప్రతి మార్చిలో వచ్చి కాఫీ తాగుతూ, "అమ్మాయి పెళ్లి నాటికి చేతికొస్తుందక్కయ్యా" అని చెప్పేవాడు. అసలు సంగతి, అంటే మనిషి పోతే అన్నది, ఆయన కూడా గొంతు తగ్గించి చెప్పేవాడు. డబ్బు తిరిగిరాని పాలసీ అంటే దండగ ఖర్చు. ఇక నిజంగా కష్టం వచ్చినప్పుడు ఆదుకున్నది పాలసీ కాదు. బాబాయి పొలం తాకట్టు పెట్టాడు, పిన్ని గాజులు తీసిచ్చింది, మేనమామ పది రోజులు సెలవు పెట్టి ఆసుపత్రి వరండాలో పడుకున్నాడు. ఇక్కడ మా వీధిలో ఆ మేనమామ లేడు. నాకు కాలు విరిగితే ఒక వారం వంట చేసిపెట్టే స్నేహితులున్నారు, వాళ్ల రుణం తీరనిది. కానీ ఆరు నెలలు జీతం రాకపోతే ఇంటి లోను కట్టమని వాళ్లని అడగలేను.

అందుకని ఆ శనివారం ఆటోపాక్ ఏజెంటు దగ్గరికి వెళ్లాను. విన్నిపెగ్ ఉన్న ఈ మానిటోబా రాష్ట్రంలో కారు ఇన్సూరెన్స్ ప్రభుత్వ సంస్థది, దాన్నే ఆటోపాక్ అంటారు. 1971లో ఎడ్ ష్రేయర్ ప్రభుత్వం పెట్టింది. కారు ప్రమాదంలో గాయపడితే తప్పెవరిదన్న గొడవ లేకుండా వైద్యం, పోయిన జీతం, ఇంట్లో సాయం, ఫిజియోథెరపీ అన్నీ చూసుకునే పద్ధతి 1994 మార్చి నుంచి ఉంది. చాలాకాలంగా ఇక్కడున్నవాళ్లు దానికి ఎంత అలవాటుపడ్డారంటే, ఇంజను ఉన్న ప్రతి బండికీ అదే వర్తిస్తుందనుకుంటారు.

వర్తించదు. స్నోమొబైల్ మీద ఉండగా దెబ్బ తగిలితే, కదులుతున్న కారునో ట్రక్కునో గుద్దుకుంటే తప్ప, ఆ రక్షణ లేదు. చెట్టుకి గుద్దుకున్నా, మంచు కింద దాక్కున్న ముళ్లకంచెకి తగిలినా, ఐస్ పగిలి నీళ్లల్లో పడినా అది ఆ ఖాతాలోకి రాదు. డాక్టరు, ఆసుపత్రి వరకు ప్రభుత్వ వైద్యబీమా మానిటోబా హెల్త్ ఉంది కాబట్టి బిల్లు చూసి గుండె ఆగదు. అంబులెన్సుకి మాత్రం విడిగా బిల్లొస్తుంది. కానీ ఆ తర్వాత? నెలల తరబడి ఫిజియోథెరపీ, పిల్లాడి కోసం తల్లో తండ్రో ఉద్యోగం మానుకోవాల్సి వస్తే పోయే జీతం, ఇవి ఎవరి మీద పడతాయి? బండికి తప్పనిసరిగా తీసుకోవాల్సిన థర్డ్ పార్టీ లయబిలిటీ మన వల్ల ఎదుటివాళ్లకి జరిగే నష్టం కోసం. మన బండి దెబ్బతిన్నా, దొంగలెత్తుకుపోయినా డబ్బు కావాలంటే కొలిజన్, కాంప్రిహెన్సివ్ వేరేగా కొనుక్కోవాలి. మన ఒంటికి తగిలే దెబ్బ సంగతి మన ఆఫీసు బెనిఫిట్స్‌లోనో, సొంతంగా తీసుకున్న పాలసీలోనో వెతుక్కోవాలి. ఆ రాత్రి మా ఆయనా నేనూ మా ఆఫీసు బెనిఫిట్స్ బుక్‌లెట్లు ఉద్యోగంలో చేరాక మొదటిసారి చివరి పేజీ దాకా చదివాం. పళ్ల డాక్టరుకి ఎంత వస్తుందో అందరికీ నోటికొచ్చు. లాంగ్ టర్మ్ డిసబిలిటీ (చాలాకాలం పనిచేయలేకపోతే జీతానికి బదులు వచ్చే డబ్బు) అంటే ఏమిటో, ఎన్ని వారాల తర్వాత మొదలవుతుందో మాకు తెలిసినవాళ్లలో అడిగితే తెల్లమొహాలే.

ఏజెంటు దగ్గర నేను నేర్చుకున్న అసలు సంగతి ధర కాదు, ఆవిడ అడిగిన ప్రశ్నలు. బండి ఎవరిది? రిజిస్టరై ఉందా? ఎవరి భూమిలో నడుపుతారు? పిల్లాడి వయసెంత? ఎవరు కనిపెట్టుకుని ఉంటారు? రోడ్డు దాటాల్సిన అవసరం వస్తుందా? ఈ రాష్ట్రంలో పద్నాలుగు నిండనివాళ్లు అమ్మానాన్నలో, వాళ్లు అప్పగించిన పద్దెనిమిది దాటిన మనిషో తోడుండి, కంటికి కనపడుతుండగానే నడపాలి. రోడ్డు దాటాలంటే పదహారేళ్లూ, డ్రైవింగ్ లైసెన్సూ ఉండాలి. పక్కనున్న సస్కాచివాన్‌లో లెక్క వేరు. అక్కడ పన్నెండు నుంచి పదిహేనేళ్ల పిల్లలకి సేఫ్టీ కోర్సు పాసవడమూ తప్పదు, పెద్దల పర్యవేక్షణా తప్పదు. రెజైనాలో ఉండే మా పిన్ని కూతురు పిల్లలు ఆ కోర్సు చేశారు, అందుకని మావాడికి ఇక్కడ తప్పనిసరి కాకపోయినా చేయించాం.

"కంటికి కనపడుతుండగా" అంటే ప్రెయిరీలో పెద్ద ఇబ్బందేమీ లేదు లెండి. ఇక్కడంతా ఎంత చదునంటే, కుక్క పారిపోతే మూడు రోజుల పాటు కనపడుతూనే ఉంటుందని వీళ్ల జోకు.

ఇంటికొచ్చి పాలసీల్లో మినహాయింపుల పేజీ, అంటే ఎప్పుడెప్పుడు డబ్బివ్వరో చెప్పే పేజీ, చదివాను. సాధారణంగా మనం సంతకం పెట్టే చోటు వెతుక్కుని మిగతాది వదిలేస్తాం. నా మాట వింటే, పిల్లలున్నవాళ్లు ముందు ఆ పేజీయే చదవాలి. పందేలు, తాగి నడపడం, అర్హత లేనివాళ్ల చేతికి బండి ఇవ్వడం. ఎక్కడ మనుషులు దెబ్బలు తింటున్నారో కంపెనీలకి తెలిసినంతగా మన బంధువులకీ, ఆ పిల్లాడి స్నేహితులకీ తెలియదు. వాళ్లు డబ్బు కట్టి నేర్చుకున్న పాఠం అది. "వద్దు" అన్న మాట దగ్గర ఆగిపోయిన మా ఇంట్లో సంభాషణ ఆ పేజీతో ముందుకి కదిలింది. మావాడిని కూర్చోబెట్టి, ఏజెంటు అడిగిన ప్రశ్నలే వాడిని అడిగాం. వాడికి సగం తెలియదు. వెళ్లి స్నేహితుడి నాన్నని కనుక్కుని రమ్మన్నాం. వాడు నోటుబుక్కులో రాసుకొచ్చాడు. బ్రతిమాలడం, అలగడం, తలుపు దబాల్న వేయడం అన్నీ పక్కన పెట్టి వాడు మా ముందు జవాబులతో నిలబడింది అప్పుడే.

ఆ పెద్దమనిషి కూడా మా ప్రశ్నలకి నొచ్చుకోలేదు. మన దగ్గరైతే "మా మీద నమ్మకం లేదా?" అనే మాట వచ్చేసేది. ఈయన గ్యారేజీలోకి తీసుకెళ్లి రిజిస్ట్రేషన్ కాగితం చూపించాడు. పొలం పక్కనున్న రోడ్డు వార గుంట ఎందుకు ప్రమాదమో చెప్పాడు. పొలాల్లోకి ట్రాక్టర్లు వెళ్లడానికి ఆ గుంట మీద అక్కడక్కడా మట్టి కట్టలు వేసి ఉంటాయి. మంచు నిండితే అంతా ఒకే తెల్లదనం, కట్ట దగ్గరికొచ్చేదాకా తెలియదు. వేగంగా వచ్చిన బండి గాల్లోకి లేస్తుంది. మబ్బు పట్టిన రోజైతే నేలకీ ఆకాశానికీ తేడా తెలియదు కాబట్టి ఆ రోజు పిల్లలకి బండి ఇవ్వడు.

తర్వాత వాళ్ల కుంట దగ్గరికి నడిపించాడు. చేతి ఆగర్‌తో కన్నం పెట్టాడు. తురుములా ఐస్ పొడి పైకొచ్చింది, చివర్లో ఒక్కసారి నీళ్లు ఉబికాయి. కొక్కెం ఉన్న కొలబద్దని లోపలికి దింపి, కొక్కెం ఐస్ అడుగుకి తగిలాక మావాడినే చదవమన్నాడు. నడవడానికి తక్కువైనా చాలు గానీ స్నోమొబైల్‌కి కనీసం పాతిక సెంటీమీటర్ల గట్టి ఐస్ ఉంటేనే దిగాలని ఆయన లెక్క. ఒక్క చోట కొలిస్తే సరిపోదు. కింద నీళ్లు కదిలే చోట, రెల్లు మొలిచిన చోట పలచగా ఉంటుంది. కొలతలన్నీ బాగానే వచ్చినా, ఈసారికి కుంట మీదకి వద్దని మేము చెప్పాం. పాలసీ ఉంటే మునిగిన బండికి డబ్బిస్తుందేమో. అంతవరకే.

మైనస్ ఇరవై రెండు ఆ రోజు. హెల్మెట్ కింద బాలాక్లావా, దాని పైన గాగుల్స్, వీడి మొహం ఎక్కడుందో నాకే తెలియలేదు. బండి ఆపేసే తాడు ఒక కొస ఇంజనుకి, ఇంకో కొస జాకెట్టుకి. మనిషి పడితే తాడు ఊడి ఇంజను ఆగిపోతుంది. ఆ క్లిప్పు సరిగ్గా పడిందో లేదో మా ఆయన పదే పదే లాగి చూశారు. బండి కదిలాక, "ఇంకొంచెం స్పీడుగా వెళ్లొచ్చుగా" అన్నదీ ఆయనే!

వాడొచ్చాక వాళ్లింట్లో పెరోగీలు తింటుంటే, ఆ స్నేహితుడి నాన్న ఈ బండి పుట్టిన కథ చెప్పాడు. క్యుబెక్‌లోని వాల్కూర్‌లో జోసెఫ్ అర్మాండ్ బొంబార్డియే అని ఒక మెకానిక్. 1934 చలికాలంలో ఆయన రెండేళ్ల కొడుక్కి కడుపులో ఇన్ఫెక్షన్ ముదిరింది. దారులన్నీ మంచుతో మూసుకుపోయి ఆసుపత్రికి తీసుకెళ్లే బండి లేక ఆ బిడ్డ పోయాడు. మంచు మీద నడిచే బండి కోసం అప్పటికే తంటాలు పడుతున్న ఆ తండ్రి 1937 నాటికి ఏడుగురు కూర్చునే బి7 తయారుచేశాడు. తర్వాత వచ్చిన పెద్ద బండ్లు ఊళ్లల్లో డాక్టర్లనీ, బడిపిల్లల్నీ, ఉత్తరాల్నీ మోశాయి. వాటిలో కొన్ని లేక్ విన్నిపెగ్ మీద చేపలు పట్టేవాళ్ల దగ్గర నేటికీ నడుస్తున్నాయి. చిన్న స్కిడూ వచ్చింది 1959లో. ఇది మా అమ్మకి చెప్పాను. చాలాసేపు ఏమీ అనలేదు. ఆ తర్వాత, "ఆ తల్లి ఎట్లా తట్టుకుందో" అంది. తథాస్తు దేవతల మాట మళ్లీ ఎత్తలేదు.

పోయిన డిసెంబరులో అమ్మా నాన్నా సూపర్ వీసా (ఇక్కడున్నవాళ్ల తల్లిదండ్రులు ఎక్కువకాలం ఉండేందుకిచ్చే వీసా) మీద వచ్చారు. ఆ వీసాకి కనీసం లక్ష డాలర్ల మెడికల్ ఇన్సూరెన్స్ ఏడాదికి చూపించాలి. ప్రీమియం విని నాన్న, "ఆ డబ్బుతో ఇక్కడ అర ఎకరం కౌలుకి తీసుకోవచ్చు" అన్నారు. వచ్చిన రెండో వారమే మనవడి వీడియోలు చూసి చూసి, "నన్నూ ఒక రౌండు తిప్పమనరా" అని మొదలుపెట్టారు. డెబ్బై ఒకటేళ్లు, బీపీ మాత్రలు. మావాడు ఫోను పక్కన పెట్టి, "తాతయ్యా, మీ విజిటర్ పాలసీలో మినహాయింపులు చదివారా?" అన్నాడు.

చదవలేదు. ఇద్దరూ కూర్చుని చదివారు, మనవడు ఇంగ్లీషులో చదివి తెలుగులో చెప్తుంటే తాతగారు కళ్లజోడు సర్దుకుంటూ ప్రతి పదానికీ పేచీ పెడుతూ. ముందునుంచి ఉన్న బీపీ సంగతి ఒక చోట, సాహస క్రీడలన్న మాట ఇంకో చోట. స్నోమొబైల్ అందులోకి వస్తుందో రాదో స్పష్టంగా లేదు. ఫోనులో చెప్తే కుదరదు, ఈమెయిల్‌లో రాసివ్వమని కంపెనీని అడుగుదామని మావాడు సలహా ఇచ్చాడు. జవాబు రావడానికి తొమ్మిది రోజులు పట్టింది. స్నోమొబైల్ మీద దెబ్బ తగిలితే డబ్బు రాదనే వచ్చింది. నాన్న ఇంజను ఆపిన బండి మీద కూర్చుని హెల్మెట్ పెట్టుకుని ఫోటో దిగి, ఊళ్లో వాళ్ల వాట్సాప్ గ్రూపులో పెట్టారు. నడిపాననే రాసుకున్నారు.