తాత పేరుతో ఒక క్రియ

పోయిన నెల మీటింగులో రేట్ల మార్పు గురించి మాట్లాడుతున్నాం. కొత్తగా వచ్చేవాళ్లకు కొత్త రేటు, పాత కస్టమర్లకు పాత రేటే ఉంచాలి. ఇక్కడ అమెరికా ఆఫీసుల్లో దీనికి ఒక క్రియ ఉంది, గ్రాండ్‌ఫాదర్ చేయడం. "వాళ్లను గ్రాండ్‌ఫాదర్ చేద్దాం" అన్నాను. నార్త్ కరోలినా వచ్చి నాలుగేళ్లయినా, ఇలాంటి క్రియలు తడబడకుండా నోటికి రావడం ఈ మధ్యే మొదలైంది. లోపల సంతోషపడ్డాను.

మీటింగయ్యాక మా టీమ్‌లోని పెద్దావిడ కాఫీ దగ్గర నన్ను ఆపారు. నల్లజాతి ఆవిడ, రిటైర్మెంటుకు దగ్గరపడ్డారు. "ఆ మాట ఎక్కడ పుట్టిందో తెలుసా?" అని మెల్లగా అడిగారు. తెలియదన్నాను.

1900లో ఈ రాష్ట్ర రాజ్యాంగాన్ని సవరించారట. ఓటు కావాలంటే రాజ్యాంగంలో ఏ భాగం ఇచ్చినా ఇంగ్లీషులో చదివి, రాసి చూపించాలి. మరి చదువురాని తెల్లవాళ్ల సంగతి? వాళ్ల కోసం ఒక మినహాయింపు పెట్టారు. 1867 జనవరి 1 నాటికి తనకో, తన తండ్రితాతలకో ఓటు హక్కు ఉండి ఉంటే ఆ పరీక్ష అక్కర్లేదు. అప్పటికి బానిసత్వం పోయి రెండేళ్లు కూడా నిండలేదు. నల్లవాళ్లలో ఎంతమంది తాతలకు ఓటు ఉంటుంది? దక్షిణాదిలో ఇంకొన్ని రాష్ట్రాలూ ఇదే పని చేశాయి. 1915లో ఓక్లహోమా కేసులో సుప్రీంకోర్టు ఈ గ్రాండ్‌ఫాదర్ క్లాజును, అంటే తాతల నిబంధనను కొట్టేసింది. చదివే పరీక్ష మాత్రం ఆ తర్వాత కూడా దశాబ్దాల పాటు నడిచింది. ఆవిడ తాతగారు పొగాకు చేలల్లో పనిచేసిన మనిషి. 1965లో ఓటు హక్కు చట్టం వచ్చాకే మొదటిసారి ఓటేశారట.

"నిన్ను తప్పుపట్టడం లేదు, ఇక్కడ అందరూ వాడతారు. నీకు మాటలంటే ఇష్టం కదా, అందుకే చెప్పాను" అన్నారు.

మీటింగులో పదిమంది ముందు అనలేదు. ఆ మర్యాద నాకు ఇప్పటికీ గుర్తొస్తూనే ఉంది. కానీ నిజం చెప్పాలంటే, అప్పుడు నాకు మొదట వచ్చింది ఉక్రోషమే. నాకేం తెలుసు? ఈ క్రియలు నేను ఎక్కడ నేర్చుకున్నాను? అమీర్‌పేట హాస్టల్లో, జీఆర్‌ఈ కోసం, అట్టముక్కల మీద. ఒకవైపు ఇంగ్లీషు మాట, రెండోవైపు తెలుగు అర్థం. మిటిగేట్ అంటే తీవ్రత తగ్గించు. వెయివ్ అంటే మాఫీ చేయి. శాంక్షన్ అంటే మంజూరు చేయి, ఆంక్ష కూడా విధించు. ఒకే మాటకు ఈ రెండూ ఎలా కుదిరాయని అడిగే తీరిక ఎవరికుంది? ఆ అట్టముక్కలే మమ్మల్ని ఇంతదూరం తెచ్చాయి. వాటిని తక్కువ చేసి మాట్లాడితే నేను ఒప్పుకోను.

అయినా అవి చాలవని మొదటి ఏడాదే తెలిసింది. నేను చెప్పిన విషయాన్ని మేనేజరు "టేబుల్ చేద్దాం" అన్నారు. మన అసెంబ్లీలో బిల్లు టేబుల్ చేశారంటే సభ ముందు పెట్టారని కదా. రాత్రంతా కూర్చుని స్లైడ్లు తయారుచేశాను. అమెరికాలో ఆ మాటకు అర్థం పక్కన పెట్టేయడం. రెండో ప్రపంచ యుద్ధంలో బ్రిటిష్, అమెరికన్ అధికారులు ఇదే క్రియ మీద చాలాసేపు వాదించుకున్నారని చర్చిల్ రాశాడు. అది చదివాక కాస్త ఊరట కలిగింది.

పెట్టడం అనే మాట నాకు ఎవరూ నేర్పలేదు. అన్నం పెట్టడం, బొట్టు పెట్టడం, పేరు పెట్టడం, ముహూర్తం పెట్టడం, చిచ్చు పెట్టడం. నానమ్మ వెనకే తిరుగుతూ అన్నీ తెలుసుకున్నాను. సొంత భాషలో మాట బరువు చేతికి తెలిసిపోతుందని, ఆవిడ చెప్పింది విన్న రాత్రి నాకు నేనే చెప్పుకున్నాను.

తెలిసిపోతుందా? మా ఊళ్లో తిట్టాలన్నా, వెక్కిరించాలన్నా కులం పేరు లేని మాట తక్కువ. చిన్నప్పుడు నేనూ అలాగే అన్నాను. వాకిట్లో నిలబడి అది విన్న మనిషి నన్ను పక్కకు పిలిచి చెప్పలేదు. చెప్పగలిగే పరిస్థితి ఆయనకు లేదు. ఇంట్లోవాళ్లు చెప్పొచ్చు, చెప్పలేదు. అట్టముక్క మీద అర్థం సగమే ఉందని ఇన్నాళ్లూ బాధపడ్డాను గానీ, నానమ్మ దగ్గర నేర్చుకున్న మాటల్లోనూ నాకు తెలియని సగం ఉంది. ఆ సగం ఆయనకు తెలుసు.

మర్నాడు డాక్యుమెంటులో ఆ క్రియ తీసేసి, పాత కస్టమర్లకు పాత రేటే కొనసాగుతుందని మామూలు మాటల్లో రాశాను. ఎవరూ ఏమీ అడగలేదు.

మాది ప్రకాశం జిల్లా, మాకూ పొగాకు ఉండేదని ఆవిడతో అన్నాను. కోసిన ఆకును వేడికి ఎక్కడ ఆరబెడతారని అడిగారు. బ్యారన్‌లో అన్నాను. "బార్న్!" అని, అది తన మాటే అన్నట్టు నా చెయ్యి పట్టుకున్నారు. వచ్చే శనివారం మా ఇంటికి భోజనానికి వస్తున్నారు.