వేసవి నది: పొద్దున ట్రౌట్, మధ్యాహ్నం చబ్, చీకటి పడ్డాక బార్బెల్

ఇంగ్లండ్‌లో నదుల మీద గాలం వేసేవాళ్లు జూన్ 16 కోసం మూడు నెలలు ఎదురుచూస్తారు. మార్చి 15 నుంచి జూన్ 15 దాకా నదుల్లో కోర్స్ చేపల వేట నిషేధం. సాల్మన్, ట్రౌట్ పోగా మిగిలిన మంచినీటి చేపలన్నీ, అంటే చబ్, బార్బెల్, రోచ్, డేస్, పెర్చ్ లాంటివి, కోర్స్ చేపల కిందికే వస్తాయి. బ్రౌన్ ట్రౌట్ సీజన్ వసంతంలోనే మొదలై చాలా చోట్ల సెప్టెంబరు చివరితో ముగుస్తుంది. కాబట్టి జూన్ మధ్య నుంచి సెప్టెంబరు దాకా కెన్నెట్, హాంప్‌షైర్ ఏవన్, యార్క్‌షైర్‌లోని వార్ఫ్, యూర్ లాంటి నదుల మీద రెండు రకాల వేటా సాగుతుంది. ఏ గంటకి ఏ చేప వెంట పడాలో నీటి వేడిని బట్టి తేల్చుకోవాలి. వేసవిలో సంచిలో ముందుగా ఉండాల్సింది థర్మామీటర్. ఈకలతో, దారంతో కట్టే కృత్రిమ పురుగుల్ని ఫ్లై అంటారు. కొత్త ఫ్లై డబ్బా కొనే ముందు అది కొనండి.

కొలిచే పద్ధతి తేలికే. దారం కట్టి, పారే నీటిలో, నీడలో, ఒక అడుగు లోతున కనీసం ఒక నిమిషం ఉంచాలి. ఒడ్డు పక్కన నిలిచిన నీటిలో కొలిస్తే రెండు మూడు డిగ్రీలు ఎక్కువ చూపించి మోసం చేస్తుంది. పొద్దు పొడిచేటప్పుడు నీరు బాగా చల్లగా ఉంటుంది, సాయంత్రం నాలుగు నుంచి ఆరు మధ్య బాగా వేడెక్కి ఉంటుంది. కాబట్టి ఉదయం చూసిన అంకెను నమ్ముకుని మధ్యాహ్నం ట్రౌట్‌కి వేయకూడదు.

దీనికి కారణం ఆక్సిజన్. 10 డిగ్రీల సెల్సియస్ దగ్గర మంచినీరు లీటరుకి సుమారు 11.3 మిల్లీగ్రాముల ఆక్సిజన్ పట్టుకుంటుంది. 20 డిగ్రీలకి అది 9.1కి, 25కి 8.3కి పడిపోతుంది. వేడి నీటిలో చేప ఒంటికి ఆక్సిజన్ ఎక్కువ కావాలి, దొరికేదేమో తక్కువ. గాలానికి చిక్కి పెనుగులాడిన ట్రౌట్ 20 దాటిన నీటిలో ఈదుకుంటూ వెళ్లినట్టే కనిపించినా తర్వాత చనిపోవచ్చు. 19 దగ్గరే ట్రౌట్ వేట ఆపేయడం నా లెక్కలో సరైన గీత. సున్నపురాయి ఊటల మీద బతికే టెస్ట్, ఇచెన్ లాంటి చాక్ నదుల్లో నీరు భూమిలోంచి 10, 11 డిగ్రీలతో బయటికొస్తుంది గనక ఎగువ భాగాలు జూలైలోనూ చల్లగా ఉంటాయి. వాన నీటి మీద ఆధారపడే వై లాంటి నది మాత్రం ఎండలకి త్వరగా కాగుతుంది.

ఇందులో ఒక మెలిక ఉంది. నాచు, నీటిమొక్కలు దట్టంగా ఉన్న నెమ్మది నీటిలో మొక్కలు పగలు ఆక్సిజన్ వదిలి, రాత్రంతా దాన్నే పీల్చుకుంటాయి. అందుకని అలాంటి చోట తెల్లవారుజామున నీరు చల్లగా ఉన్నా ఆక్సిజన్ రోజు మొత్తంలో అతి తక్కువగా ఉంటుంది. ఆ వేళకి రాళ్ల మీద గలగలా పారే చోటికో, ఆనకట్ట కిందికో వెళ్లాలి. చేపలూ అక్కడికే చేరతాయి.

పొద్దున ట్రౌట్ సంగతి. 7 నుంచి 9 అడుగుల కర్ర, 3 నుంచి 5 నంబరు లైను, దాని ముందు సన్నగా సాగే 9 నుంచి 12 అడుగుల దారం (లీడరు), దాని చివర ఫ్లై కట్టే 0.13 నుంచి 0.15 మిల్లీమీటర్ల పోగు (టిప్పెట్). నీరు ఎంత తగ్గి తేటబడితే టిప్పెట్ అంత సన్నం, అంత పొడవు ఉండాలి. దిగువ నుంచి ఎగువకి నడవాలి. చేప ప్రవాహానికి ఎదురుగా తల పెట్టి ఉంటుంది కాబట్టి వెనక నుంచి వచ్చేవాళ్లు దానికి త్వరగా కనపడరు. చేపకి పై ప్రపంచం సుమారు 97 డిగ్రీల శంకువులోంచే కనిపిస్తుంది. ఒడ్డున నిటారుగా నిలబడితే ఆ శంకువు అంచులోకి వచ్చేస్తారు, మోకాళ్ల మీద కూర్చుంటే చాలాసార్లు తప్పించుకోవచ్చు. మన నీడ, కర్ర నీడ నీటి మీద పడకుండా చూసుకోవడం కూడా అంతే ముఖ్యం.

నీటి మీద తేలే ఫ్లై, అంటే డ్రై ఫ్లై, తిరస్కరణల్లో ఎక్కువ భాగం ఫ్లై రంగు వల్ల రావు, డ్రాగ్ వల్ల వస్తాయి. మనకీ ఫ్లైకీ మధ్య వేగంగా పారే నీరు లైనును లాగితే, ఫ్లై తన చుట్టూ ఉన్న నీటి కంటే వేగంగానో అడ్డంగానో కదులుతుంది. దూరం నుంచి మనకి ఆ కదలిక కనపడదు, ట్రౌట్‌కి కనపడుతుంది. విరుగుడు: ఇంకో రెండు గజాలు దగ్గరికి జరగడం, టిప్పెట్‌ని మరో రెండడుగులు పెంచడం, లైను గాల్లో ఉండగానే కర్రను ఎగువకి వాల్చి లైను వదులుగా పడేలా వేయడం. ఫ్లై మార్చడం వీటన్నిటి తర్వాత. టిప్పెట్ తేలుతూ ఉంటే నీటి మీద దాని నీడ తాడులా పడుతుంది. ముల్తానీ మట్టిలో గిన్నెలు కడిగే సబ్బు కలిపిన ముద్దతో టిప్పెట్‌ని తుడిస్తే అది మునుగుతుంది. ఫ్లైకి మాత్రం ఆ ముద్ద తగలనివ్వకండి. ట్రౌట్ ఫ్లైని తీసుకోగానే లాగితే నోట్లోంచి ఊడొస్తుంది. అక్కడి పాతకాపులు ‘గాడ్ సేవ్ ద క్వీన్’ అని మనసులో అనుకుని అప్పుడు కర్ర ఎత్తమనేవారు. నెమ్మదిగా పైకి లేచే పెద్ద చేపకి ఆ లెక్క సరిగ్గా సరిపోతుంది. అదే ఫ్లైకి డేస్ వస్తే అంత ఆగితే ఖాళీ గాలమే మిగులుతుంది.

పైన పురుగేదీ తేలనప్పుడు నీటి లోపల మునిగి పోయే ఫ్లై, అంటే నింఫ్ వేయాలి. ఏవన్ ఎగువన నది కాపలా ఉద్యోగం చేసిన ఫ్రాంక్ సాయర్ రూపొందించిన ఫెజంట్ టెయిల్ నింఫ్ ఇప్పటికీ ముందు వరసలోనే ఉంది. కట్టడానికి దారం ఉండదు. సన్నని రాగి తీగ, ఫెజంట్ తోక ఈకల పోగులు, అంతే. తీగే బరువు, తీగే దారం. టెస్ట్, ఇచెన్ మీద చాలా బీట్లలో (వేటకి పంచిన నది ముక్కల్లో) డ్రై ఫ్లైని ఎగువకి మాత్రమే వేయనిస్తారు, నింఫ్‌ని జూలై నుంచి గానీ ఒప్పుకోరు. ఆ నియమాలు ముందే చదువుకోండి.

పదకొండు దాటి ఎండ ముదిరాక ట్రౌట్ సర్దేసి చబ్ వైపు మళ్లాలి. చబ్ వేడిని బాగా ఓర్చుకుంటుంది. మధ్యాహ్నం విల్లో కొమ్మల కింద, చెత్త పేరుకున్న చోట, నీటి మొక్కల పాయల మధ్య కాచుకుని ఉంటుంది. పోలరాయిడ్ కళ్లద్దాలు, 6 పౌండ్ల దారం, 4 లేదా 6 నంబరు గాలం, ఒక చేతి వల ఉంటే చాలు. బరువు కట్టక్కర్లేదు. అగ్గిపెట్టె అంత రొట్టె అంచు ముక్కని గుచ్చి పైనుంచి తేలుతూ పోనివ్వాలి. ముందు గాలం లేని ముక్కలు నాలుగైదు వదిలి, చేప వాటిని జంకు లేకుండా తినడం చూశాకే మనది పంపాలి. రొట్టెకి రాకపోతే గుల్ల లేని పెద్ద నల్ల నత్త. దాని బరువుతోనే విసరొచ్చు, అది నీటిలో ‘టప్’మని పడే చప్పుడుకే చబ్ తిరిగి వస్తుంది. చేప తగిలిన మొదటి అయిదు సెకన్లలోనే ఆట తేలిపోతుంది. వేళ్లలోకో కొమ్మల్లోకో దూకుతుంది కాబట్టి దారం ఇవ్వకుండా అడ్డంగా లాగి పట్టాలి. ఇక్కడ 3 పౌండ్ల దారం వేసేవాళ్లు చేప నోట్లో గాలం వదిలి వచ్చేవాళ్లే. గొంతులో దాని పళ్లు గట్టివి, లోపలికి వేలు పెట్టకండి, ఫోర్‌సెప్స్ వాడండి.

రోచ్, డేస్ కావాలంటే బెండు కట్టి ప్రవాహం వెంట పోనిచ్చే పద్ధతి, ట్రాటింగ్. 13 అడుగుల కర్ర, ప్రవాహం లాగితే తేలిగ్గా తిరిగే సెంటర్‌పిన్ రీలు, 3 పౌండ్ల దారం, దాని చివర గాలం కట్టే 1.5 పౌండ్ల ముక్క (హుక్‌లెంగ్త్), 18 లేదా 20 నంబరు గాలం, ఒక్క ఈగ పురుగు. స్టిక్ బెండుని పైనా కిందా రబ్బరు ముక్కలతో బిగించి, దారానికి నొక్కే చిన్న బరువులైన 8 నంబరు గుళ్లని చొక్కా గుండీల్లాగా సమాన దూరంలో పేర్చాలి. ప్రతి విసురుకీ డజను పురుగులు ఎగువన చల్లాలి. ఆ చల్లడం ఆగితే చేపలు చెదిరిపోతాయి, ఒకేసారి గుప్పెళ్లు చల్లితే కడుపు నిండి పోతాయి. బెండుని కాస్త వెనక్కి ఆపి పట్టి వదిలితే ఎర ముందుకి ఊగి పైకి లేస్తుంది, కొరుకు చాలాసార్లు సరిగ్గా అప్పుడే తగులుతుంది. గాలి దిగువకి వీస్తే స్టిక్ బెండు పనిచేయదు. గాలికి దారం ఉబ్బి బెండుని దారి తప్పిస్తుంది. అప్పుడు కింద మాత్రమే కట్టే బెండు, వాగ్లర్‌కి మారి, దాని కొనకీ కర్రకీ మధ్య దారాన్ని నీటిలో ముంచాలి.

వేసవిలో రోచ్‌కి హెంప్ గింజల్ని మించింది లేదు. రాత్రంతా నానబెట్టి, గింజ పగిలి తెల్లటి మొలక కనిపించేదాకా అరగంట ఉడికించాలి. దీంతో వచ్చే చిక్కు విచిత్రమైనది: గుండ్రటి గుళ్లని కూడా గింజలనుకుని రోచ్ కొరుకుతుంది, బెండు మునుగుతుంది, లాగితే ఏమీ ఉండదు. గుళ్లు తీసేసి ఒకే పొడవాటి బరువు (ఒలివెట్) కడితే ఆ బెడద పోతుంది. సీసం సంగతి కూడా చూసుకోవాలి. 0.06 గ్రాముల నుంచి 28.35 గ్రాముల మధ్య బరువున్న సీసం ఇంగ్లండ్, వేల్స్‌లో నిషిద్ధం. 8 నంబరు, అంతకంటే చిన్న గుళ్లు తప్ప మిగతా గుళ్లన్నీ వేరే లోహంతోనే ఉండాలి.

జూన్ చివర్లో రాత్రి తొమ్మిది దాటాక గానీ పొద్దు గూకదు. ఆ చివరి గంటలో నీటి మీద గుడ్లు పెట్టి చనిపోయే బ్లూ వింగ్డ్ ఆలివ్ పురుగులు (స్పిన్నర్లు) రాలుతుంటే ట్రౌట్ మళ్లీ పైకొస్తుంది, కానీ అప్పటికి నీటి వేడి దిగిందో లేదో థర్మామీటర్ చూసే కర్ర తీయండి. దిగకపోతే బార్బెల్. సెవర్న్‌లో ఇప్పుడున్న బార్బెల్ సంతతి 1956లో కెన్నెట్ నుంచి తెచ్చి వదిలిన చేపలతో మొదలైంది. వాన పడి నీరు కొద్దిగా మురికై పెరుగుతున్న సాయంత్రం దీనికి శ్రేష్ఠం. చాలా రోజుల కరువు తర్వాత పడే మొదటి వాన మాత్రం రోడ్ల మురికిని, మురుగుని మోసుకొస్తుంది. ఆ రోజు చేపలు ఊపిరి కోసం తిప్పలు పడుతుంటాయి, వేయకపోవడమే మేలు.

బార్బెల్‌కి 1.75 పౌండ్ల టెస్ట్ కర్వ్ (కొన లంబంగా వంగడానికి పట్టే బరువు) ఉన్న కర్ర, 10 నుంచి 12 పౌండ్ల దారం, రెండు మూడు అడుగుల హుక్‌లెంగ్త్, 8 నుంచి 10 నంబరు గాలం, గాలం పక్కన సన్నని దారంతో వేలాడదీసే వెంట్రుక కట్టుకి 8 మిల్లీమీటర్ల పెల్లెట్ (గుళిక మేత). మేత నింపి దించే బరువైన గూడు, ఫీడరు, అడుగున నిలవకపోతే వెంటనే బరువు పెంచేస్తారు చాలామంది. ముందు కొంచెం దారం వదిలి దిగువకి విల్లులా వంపు తిరగనివ్వండి. బిగుతుగా ఉన్న దారం కంటే వంపు ఉన్న దారం ఫీడరుని తక్కువ లాగుతుంది, సగం బరువుతోనే నిలుస్తుంది. కొరుకు కోసం చూస్తూ కూర్చోనక్కర్లేదు, కర్ర వంగిపోతుంది. కర్రని వదిలి పక్కకి వెళ్లకండి.

నీటి వేడి 22 దాటితే బార్బెల్ వేట కూడా ఆపేయాలి, ఎందుకంటే ఇది ప్రాణం పోయేదాకా పోరాడే చేప. వీపు రెక్క మొదటి ముల్లు రంపంలా ఉండి ముతక వలలో చిక్కుకుంటుంది కాబట్టి మెత్తటి వల ఉండాలి. పట్టిన చేపల్ని నీటిలో ఉంచే వల, కీప్‌నెట్‌లో వేయనే వద్దు. చేప నీటిలో ఉండగానే గాలం తీసి, తల ఎగువకి పెట్టి నిటారుగా పట్టుకుని, తనంతట తాను చేతిలోంచి తోసుకుపోయేదాకా ఆగాలి. అయిదు నిమిషాలైనా పట్టొచ్చు. ముందే వదిలితే వెల్లకిలా తిరిగి కొట్టుకుపోతుంది.

లైసెన్స్ మాట. 13 ఏళ్లు, అంతకు మించి వయసున్న ప్రతి ఒక్కరికీ రాడ్ లైసెన్స్ కావాలి, 13 నుంచి 16 ఏళ్లవాళ్లకి అది ఉచితం. అది ఉన్నంత మాత్రాన నది ఒడ్డున కూర్చునే హక్కు రాదు, క్లబ్బు టికెట్టో యజమాని అనుమతో వేరే తీసుకోవాలి. కరెంటు తీగలకి 30 మీటర్ల లోపు కార్బన్ కర్ర ఎత్తకండి. ఒడ్డున మనిషి కంటే ఎత్తు పెరిగే జెయింట్ హాగ్‌వీడ్ అనే మొక్క పాలు ఒంటికి అంటుకుని ఎండ తగిలితే బొబ్బలెక్కుతాయి. ఎర పదే పదే చిన్న చిన్నగా కొరికి పోతుంటే అది రొయ్యలాంటి సిగ్నల్ క్రేఫిష్ పని. దాన్ని గాలానికి ఎరగా గుచ్చడం చట్టవిరుద్ధం. చోటు మార్చడమే దారి.

ఒక నది నుంచి ఇంకో నదికి వెళ్లేటప్పుడు వల, వేడర్లు (నీటిలో దిగేందుకు వేసుకునే జలనిరోధక ప్యాంట్లు), బూట్లు కడిగి పూర్తిగా ఆరబెట్టాలి. 2010లో గ్రాఫమ్ వాటర్ జలాశయంలో బయటి నుంచి వచ్చిన కిల్లర్ ష్రింప్ అనే రొయ్య బయటపడ్డప్పటి నుంచి ‘చూడు, కడుగు, ఆరబెట్టు’ అన్న మాట ప్రతి ఒడ్డునా బోర్డు మీద కనిపిస్తుంది. వేడర్ల లోపలి మడతలు, వల అంచు కుట్టు ఆలస్యంగా ఆరతాయి. వాటిని తిరగేసి ఎండలో వేయండి.