గుణకం ఎంత?

బెంగళూరు బసవనగుడిలో దొడ్డ బసవన్న గుడి దగ్గర ఏటా కార్తికమాసం చివరి సోమవారం నాడు జరిగే కడలెకాయి పరిషెకు, అంటే వేరుశనగకాయల జాతరకు, మాకు వేరుశనగ మాంసకృత్తుల మీద పని నేర్పిన మాస్టారు మన విభాగం విద్యార్థులను వెంటబెట్టుకుని వెళ్లేవారన్న సంగతి ఈ సంచిక చదివేవారిలో చాలామందికి గుర్తుండే ఉంటుంది. ఆయన పేరు ఇక్కడ రాయడం లేదు. మనలో ఎవరికీ చెప్పనక్కర లేదు, పైగా పొగడ్తల నడుమ తన పేరు అచ్చులో కనిపించడం ఆయనకు ఏనాడూ గిట్టలేదు. మేము కాయలు తినడానికి వెళ్తున్నామనుకునేవాళ్లం. ఆయన నమూనాల కోసం వచ్చేవారు. చింతామణి, కోలారు వైపు నుంచీ, మా కదిరి, హిందూపురం వైపు నుంచీ వచ్చి బస్తాలు దించిన రైతుల ముందు గొంతుకూర్చుని, కాయ ఏ ఊరిది, ఏ రకం, ఎప్పుడు విత్తారు, పూత మీద వాన పడిందా, చెట్టు పీకి ఎన్నాళ్లయింది అని సగం కన్నడంలో, సగం తెలుగులో అడిగి, జవాబులన్నీ కాగితపు సంచి మీదే పెన్సిలుతో రాసుకునేవారు. మా వైపు రైతు ఒకాయన ఆ విచారణంతా విని, "ఏం సామీ, కాయలు కొంటాండావా, సంబంధం మాట్లాడతాండావా?" అన్నాడు. మాస్టారు నవ్వి, వదిలిపెట్టకుండా, ఆ పొలంలో నేల ఎర్రదా నల్లదా అని కూడా అడిగారు.

నేను చెనిక్కాయ, అంటే వేరుశనగ, పండే ఊరి నుంచే వచ్చాను. మా ఇంట్లో కాయ అంటే నూనె. గానుగ ఆడించగా మిగిలిన చెక్క గొడ్లకు వేసేది. నూనె పోయిన ఆ చెక్కలో దాదాపు సగం మాంసకృత్తులేనని, వాటిని రకరకాలుగా విడదీయవచ్చునని, ఒకాయన తన జీవితమంతా ఆ పని మీదే పెట్టుకున్నాడని బెంగళూరు వచ్చేదాకా నాకు తెలియదు.

గింజల్లోని మాంసకృత్తులను అవి దేనిలో కరుగుతాయో దాన్నిబట్టి నీటిలో కరిగేవి, ఉప్పునీటిలో కరిగేవి, ఆల్కహాలులో కరిగేవి, పలుచని క్షారంలో కరిగేవి అని నాలుగు తెగలుగా విభజించినవాడు అమెరికాలోని కనెక్టికట్‌లో పనిచేసిన థామస్ ఆస్‌బోర్న్. వరిలో ఎక్కువ భాగం క్షారంలో కరిగే తెగ, మొక్కజొన్నలో ఆల్కహాలులో కరిగే జెయిన్ (zein), కంది, శనగ, వేరుశనగల్లో ఉప్పునీటిలో కరిగే గ్లోబ్యులిన్లు. వేరుశనగ గ్లోబ్యులిన్లను అరాచిన్, కొనరాచిన్ అని రెండుగా విడదీసి 1916లో ప్రకటించినవారు జాన్స్, జోన్స్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు. మాస్టారి పని ఈ రెండింటి మీదే. నూనె తీసిన పిండిని ఉప్పునీటిలో కలిపి, వడగట్టి, చల్లని గదిలో ఉంచితే సాయంత్రం తేటగా, లేత తేనె రంగులో ఉన్న రసం తెల్లారేసరికి బీకరు అడుగున సున్నపు తేట కింద పేరుకున్నట్టు తెల్లని మడ్డిని దించేది. అది అరాచిన్. బీకరును అరచేతుల మధ్య కాసేపు పట్టుకుంటే అది మళ్లీ కరిగి మాయమయ్యేది. మూడు లక్షల డాల్టన్లకు (అణువుల బరువును చెప్పే కొలత) పైబడిన బరువున్న ఆ అణువు ఉప్పు తగ్గితే రెండు ముక్కలవుతుందనీ, ఉప్పు పెంచితే తిరిగి కలుస్తుందనీ ఆయన చెబుతున్నప్పుడు, ఇంట్లో పిల్లల చేష్టలు చెప్పే మనిషి గొంతు వినిపించేది. కొనరాచిన్‌లో మెథియోనిన్ అనే, గంధకమున్న అమైనో ఆమ్లం కాస్త ఎక్కువ. వేరుశనగలో కొరతగా ఉండేది అదే కాబట్టి, ఏ రకంలో ఈ రెండో భాగం ఎక్కువగా ఉందో తేల్చడం ఆయనకు ముఖ్యమైన ప్రశ్న.

ఇదంతా కొలవడానికి మాకున్న సాధనం జెల్దాల్ ఫ్లాస్కు. కోపెన్‌హాగెన్‌లోని కార్ల్స్‌బర్గ్ ప్రయోగశాలలో, బీరుకు వాడే బార్లీ కోసం, యోహాన్ జెల్దాల్ 1883లో ప్రకటించిన పద్ధతి అది. పొడవాటి మెడ ఉన్న ఫ్లాస్కులో పిండి వేసి, గాఢ సల్ఫ్యూరిక్ ఆమ్లం పోసి, పొటాషియం సల్ఫేటు, కాస్త మైలుతుత్తం చేర్చి కాస్తే, మొదట అంతా తారులా నల్లబడి నురగ కక్కి, గంటలు గడిచాక తేటపడి లేత నీలి ఆకుపచ్చ రంగుకు వస్తుంది. అప్పటికి పిండిలోని నత్రజని అంతా అమ్మోనియం సల్ఫేటుగా మారిపోయి ఉంటుంది. చల్లార్చి క్షారం పోసి ఆవిరి పట్టిస్తే అమ్మోనియా లేచి బోరిక్ ఆమ్లంలోకి దిగుతుంది. గులాబి రంగు ఆకుపచ్చగా మారుతుంది. బ్యూరెట్ నుంచి ఆమ్లం చుక్కలు వదులుతూ మళ్లీ గులాబి ఛాయ తొంగిచూసిన చోట ఆపాలి. ఆ ఒక్క చుక్క దగ్గర చేయి వణికేవాళ్లను మాస్టారు ఏమీ అనేవారు కారు. లెక్క దగ్గర మాత్రం అనేవారు.

ఎందుకంటే ఆ పద్ధతి చూసేది మాంసకృత్తులను కాదు, నత్రజనిని. మాంసకృత్తుల్లో నత్రజని నూటికి పదహారు పాళ్లని అనుకుని 6.25తో గుణించడం వాడుక. వేరుశనగ మాంసకృత్తుల్లో ఒక్కొక్క అణువుకు నాలుగు నత్రజని పరమాణువులుండే అర్జినైన్ అనే అమైనో ఆమ్లం అధికం కావడంతో నత్రజని పదహారు కాదు, పద్దెనిమిదికి పైనే. అందుచేత దానికి గుణకం 5.46. గోధుమకు 5.7, వరికి 5.95. ఈ గుణకాలను 1931లో పట్టికగా వేసినవాడు, 1916లో అరాచిన్‌ను విడదీసిన ఇద్దరిలో ఒకడైన ఆ జోన్సే. నేను మొదటి నెలలో నత్రజని 4.7 శాతం తెచ్చి, 6.25తో గుణించి, మా కదిరి కాయలో 29.4 శాతం మాంసకృత్తులున్నాయని ఉత్సాహంగా చూపించాను. మాస్టారు నోట్‌బుక్ అంచున ఎర్ర సిరాతో "గుణకం?" అని రాసి తిరిగిచ్చారు. 5.46తో మళ్లీ వేస్తే 25.7. నా ఊరి కాయ గొప్పదనం నాలుగు పాళ్ల మేర కరిగిపోయింది.

అంతకంటే పెద్ద తప్పు రెండో ఏడాది చేశాను. రసంలో అమ్మోనియం సల్ఫేటును, అది కరిగించుకోగలిగినంతలో నలభై శాతం దాకా కలిపితే అరాచిన్ విరిగి అడుగుకు చేరుతుంది. మిగిలిన తేటలో ఇంకా కలిపితే కొనరాచిన్ దిగుతుంది. ఆ తర్వాత వాటిని, లవణాన్ని బయటికి వదిలి మాంసకృత్తులను లోపలే ఆపే డయాలిసిస్ గొట్టంలో కట్టి, చల్లని నీటిలో వేలాడదీసి, రెండు రోజుల పాటు నీళ్లు మారుస్తూ ఆ లవణాన్ని వదిలించాలి. కదిరి తేరుకు వెళ్లే తొందరలో నేను ఒక్కసారే నీళ్లు మార్చి బస్సెక్కాను. తిరిగి వచ్చాక కొలిస్తే, పిండిలో ఉన్న మొత్తం నత్రజని కంటే దాని నుంచి విడదీసిన రెండు భాగాల్లోని నత్రజని ఎక్కువగా తేలింది. నేను అరాచిన్ వరుస ఒక్కటే చూసుకుని మురిసిపోతున్నాను. మాస్టారు కింద కూడిక చేసి, "ఏమయ్యా, బావిలో ఉన్న నీళ్ల కంటే నీ బిందెలోకి ఎక్కువ నీళ్లు ఎలా వచ్చాయి?" అన్నారు. తర్వాత గొట్టం చుట్టూ ఉన్న నీటిని పరీక్షనాళికలో తీసుకుని బేరియం క్లోరైడు ఒక చుక్క వేశారు. పాలు విరిగినట్టు తెల్లబడింది. సల్ఫేటు ఇంకా వస్తూనే ఉందన్నమాట. నేను మాంసకృత్తుల పేరిట కొలిచింది ఎరువుల దుకాణంలో దొరికే అమ్మోనియా లవణాన్ని. మూడు వారాల పని మళ్లీ చేయించారు. అప్పట్లో అది కక్ష అనుకున్నాను.

2008లో చైనాలో పసిపిల్లల పాలపొడిలో మెలమైన్ అనే రసాయనం కలిపి అమ్మిన ఉదంతం బయటపడినప్పుడు నాకు ఆ పరీక్షనాళికే గుర్తొచ్చింది. మెలమైన్ బరువులో మూడింట రెండు వంతులు నత్రజని. నీళ్లు కలిపిన పాలలో దాన్ని కలిపితే జెల్దాల్ ఫ్లాస్కు దృష్టికి అవి చిక్కని పాలు. నేను తేరు తొందరలో చేసిన పొరపాటునే అక్కడ లాభం కోసం కావాలని చేశారు, పిల్లల మూత్రపిండాలు చెడిపోయాయి.

శాతాల మీద ఆయనకున్న అనుమానం అక్కడితో ఆగలేదు. ఒక కరవు సంవత్సరం కాయల్లో మాంసకృత్తుల శాతం పెరిగిందని నేనూ, నా సహాధ్యాయీ సంబరపడితే, బోర్డు మీద ఉదాహరణగా ఒక లెక్క వేశారు: మంచి ఏడాది వంద గింజలు 32 గ్రాములు తూగి, అందులో 25 శాతం ఉంటే 8 గ్రాములు, కరవు ఏడాది అవే వంద గింజలు 22 గ్రాములు తూగి, 29 శాతం ఉంటే 6.4 గ్రాములు. గింజలో నూనె నిండక శాతం పైకి లేచింది, రైతు ఇంటికి వచ్చింది తగ్గింది. పరిషెలో వాన సంగతి ఎందుకు అడిగేవారో నాకు ఆ రోజు తెలిసింది.

ఆహార పట్టికలను ఆయన గౌరవించేవారు. కూనూరులోని పోషకాహార ప్రయోగశాల నుంచి ఐక్రాయిడ్ 1937లో వెలువరించిన చిన్న పుస్తకం మొదలు, ఆ సంస్థ 1958లో హైదరాబాదుకు తరలి జాతీయ పోషకాహార సంస్థగా ఎదిగిన తర్వాత వచ్చిన ముద్రణల దాకా ఆయన బీరువాలో ఉండేవి. వంద గ్రాముల రాగుల్లో 7.3 గ్రాముల మాంసకృత్తులు, 344 మిల్లీగ్రాముల కాల్షియం అన్నవి మాకు ఎక్కాల్లా నోటికి వచ్చేవి. హాస్టల్లో ముద్దలోకి చెనిక్కాయ పచ్చడి వేసుకుంటే రెండూ కలిసి సంపూర్ణాహారమని నేను ఒకసారి అంటే, రాగుల్లో కొరత లైసిన్ అనే అమైనో ఆమ్లానిదని, వేరుశనగ దాన్ని అంతగా తీర్చదని, "ఉలవచారు పోసుకో, మీ అవ్వకు తెలిసే ఉంటుంది" అని అన్నారు. మా అవ్వకు లైసిన్ తెలియదు. సంగటిలోకి ఉలవచారు మాత్రం ఆమె ఎన్నడూ మానలేదు.

వేరుశనగ పిండితో దేశంలో పోషకాహార లోపాన్ని తీర్చేయవచ్చన్న ఆశ ఒకప్పుడు బలంగా ఉండేది; మైసూరులోని కేంద్ర ఆహార సాంకేతిక పరిశోధన సంస్థ వేరుశనగ పిండికి శనగపిండి చేర్చి తయారుచేసిన ఆహారం ఆ కాలపు ఫలితమే. 1960లో ఇంగ్లండులో బూజు పట్టిన వేరుశనగ చెక్క తిని లక్షకు పైగా టర్కీ కోళ్లు చచ్చాక, ఆ బూజు విషానికి అఫ్లాటాక్సిన్ అని పేరు వచ్చింది. తడి కాయను కుప్ప పోస్తే అరాచిన్ ఎంతున్నా ఏం లాభమని మాస్టారు అనేవారు. పరిషెలో కాయను చెవి దగ్గర పెట్టుకుని ఆడించి చూసేది అందుకే: ఆరిన కాయలో గింజ గలగలమంటుంది.

ఇప్పుడు నేను ఒక ఆహార పరీక్షశాలలో నివేదికల మీద సంతకం పెడుతుంటాను. జెల్దాల్ యంత్రం ఇప్పుడు తనే ఆమ్లం పోసుకుని, తనే చుక్కలు లెక్కపెట్టి, అంకెను తెర మీద చూపిస్తుంది. గుణకం గడిలో 6.25 ముందే నింపి ఉంటుంది. వేరుశనగ నమూనా వచ్చిన రోజున మా కుర్రవాళ్లు దాన్ని మార్చారో లేదో చూడటానికి లేచి వెళ్తాను. మార్చకపోతే ఏమీ అనను, కాగితం అంచున ఎర్ర పెన్నుతో ఒక్క మాట రాసి వెనక్కి పంపుతాను.