పిల్లల్ని ‘ఎక్కడికి పోదాం?’ అని అడక్కండి

దసరా సెలవులకి ఎక్కడికి పోదామని ఎనిమిదేళ్లవాణ్ణి అడిగితే మంచు అంటాడు, సముద్రం అంటాడు, క్లాసులో పక్కవాడు చూసొచ్చిన చోటల్లా అంటాడు. కాదంటే అలుగుతాడు. తేదీలు, ఖర్చు, దూరం పెద్దవాళ్లే తేల్చుకుని, ‘అరకా, హంపీనా?’ అనడిగితే ఆ పేచీ ఉండదు.

జవాబు మాత్రం త్వరగా రాబట్టాలి. రైలు రిజర్వేషన్ 60 రోజుల ముందు మొదలవుతుంది, ప్రయాణం రోజు లెక్కలోకి రాదు. అక్టోబరు 17న బండెక్కాలంటే ఆగస్టు 18 ఉదయం 8 గంటలకల్లా టికెట్ తీయాలి. ఇంట్లో పంచాయితీ ఇంకో రెండ్రోజులు సాగిందా, పండగ బళ్లలో వెయిటింగ్ లిస్టే.

వైజాగ్ అనగానే పిల్లలు వందేభారత్ అంటారు. ఇక్కడే లెక్క తప్పుతుంది. 5 నిండి 12 నిండని పిల్లలకి బెర్తు వద్దంటే సగం ఛార్జీ అన్నది స్లీపర్, త్రీ ఏసీ లాంటి బెర్తు క్లాసుల్లోనే. ఆ వందేభారత్‌లో ఉన్నవి కూర్చునే చైర్ కార్‌లే, వాటిలో పూర్తి టికెట్ కొనాల్సిందే. ఐదేళ్లలోపువాళ్లకి ఉచితమే, కానీ సీటుండదు. సికింద్రాబాద్ నుంచి ఎనిమిదిన్నర గంటలు ఒళ్లోనే. నాలుగేళ్లవాడికి డబ్బు పెట్టి సీటు కొనడమే నయం. రాత్రి బండిలో తొమ్మిదేళ్ల పిల్లకి బెర్తు తీసుకోకుండా డబ్బు మిగుల్చుకున్నా అంతే, తెల్లారేసరికి అమ్మ నడుం పట్టేస్తుంది.

అరకు ఘాట్‌లో వాంతులు రెండు నుంచి పన్నెండేళ్ల పిల్లలకే ఎక్కువ. కళ్లు ఫోన్ తెర మీద నిలిచిపోతే, చెవి లోపలి భాగం మాత్రం ప్రతి మలుపునీ పట్టేస్తుంది. ఆ రెండూ పొసగక కడుపులో తిప్పుతుంది. బయల్దేరే గంట ముందు రెండు ఇడ్లీలు చాలు, పూరీలు వద్దు. ఫోన్ లాక్కుని దూరంగా రోడ్డు చూడమనండి. వాంతి కవర్లు డిక్కీలో కాదు, ముందు సీటు వెనక జేబులో పెట్టాలి. అసలు వైజాగ్ నుంచి అరకు మీదుగా పోయే కిరండూల్ బండి అద్దాల బోగీలో టికెట్ దొరికితే ఈ తిప్పలే ఉండవు. సొరంగాలు లెక్కపెడుతూ కూర్చుంటారు. బొర్రా గుహల్లో అన్నీ మెట్లే, స్ట్రోలర్ దండగ.

కారులో శ్రీశైలమైతే తిరుగు ప్రయాణం చూసుకోండి. నల్లమల దారిలో రాత్రి 9 నుంచి పొద్దున 6 దాకా బళ్లని వదలరు. డ్యామ్ దగ్గర పిల్లలు ‘ఇంకాసేపు’ అంటారు, అంటూనే ఉంటారు. మధ్యాహ్నం 3 దాటకుండా బయల్దేరదీయండి.